నీళ్ళ అడుగున రెండు పంక్తులు

ఆ రోజుల్లో అమలాపురంలో మా ఇంటి ముందుగదిలోంచి మూడు నెలలకోసారి ఒక పత్రిక వెలువడేది. కథలూ కబుర్లూ ఉండే పత్రిక కాదు. శాసనాలు, ఊళ్ళ పేర్ల పుట్టుక, పాత లిపులు, తాటాకు పుస్తకాల్లో పాఠభేదాలు, ఇవే దాని సరుకు. దాన్ని చివరిదాకా చదివేవాళ్ళు ఎంతమంది ఉండేవారో నాకు తెలియదు గాని, చదివినవాళ్ళు మాత్రం ఒక్క సున్న జారిపోయినా మర్నాటికల్లా కార్డు రాసి పడేసేవారు. మా నాన్నగారు దానికి సంపాదకులు. బతుకుతెరువుకి హైస్కూల్లో తెలుగు పండితులు. అమ్మ ఆ పత్రికని "మూణ్ణెల్లకోసారి పురిటికొచ్చే కూతురు" అనేది. (సంచిక బయటపడే ముందు ఇంట్లో ఎవరికీ వేళకి తిండీ నిద్రా ఉండేవి కావు. వచ్చాక నాన్నగారు మొదటి ప్రతిని రెండు చేతులా ఎత్తుకుని వెలుతురులోకి తీసుకెళ్ళి చూసుకునేవారు. కాబట్టి ఆ పోలికలో అమ్మ తప్పేమీ లేదు.)

నాన్నగారికి ఆ పత్రిక విషయంలో కొన్ని పట్టింపులుండేవి. మా మామ్మ మడి వాటి ముందు ఏపాటిదీ కాదు. వ్యాసం వస్తే రాసినవారి పేరు ఆయన చూడరు. పేరే కాదు, దస్తూరీ కూడా చూడరు. చూస్తే కళ్ళు అక్షరాల మీద నిలవవని, మనిషి మీదకి పోతాయని ఆయన నమ్మకం. అందుకని పత్రికకి వచ్చిన టపా విప్పడం, వ్యాసాన్ని నా చేత్తో తిరగరాసి ఆయనకివ్వడం, అసలు ప్రతిని నా ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచడం నా పని. ఆయన చదివి, ఆ విషయం తెలిసిన మరొకరిచేత చదివించి, వెయ్యాలో వద్దో తేల్చుకున్నాక అప్పుడు అడిగేవారు, ఇది ఎవరిదమ్మాయ్ అని. ఈలోగా ఆయనే మరిచిపోయి అడిగినా సరే, నేను చెప్పకూడదు. ఈ ఉద్యోగం నాకు ఫోర్తుఫారం తప్పి ఇంట్లో కూర్చున్న ఏడు ఇచ్చారు. చదువు ఆగిపోయిందన్న దిగులు పోవడానికి ఇచ్చారనుకుంటాను గాని, నేను మాత్రం కలెక్టరు కచేరీలో రహస్య శాఖ నా చేతికి వచ్చినంత గంభీరంగా ఉండేదాన్ని. వీధిలో ఒక పెద్దాయన, పాపం, తన వ్యాసం సంగతి కనుక్కుందామని, "ఏమమ్మా, మాది చూసేరా?" అని నవ్వుతూ అడిగితే, "నాకు తెలియదండీ" అని తల తిప్పుకుని వెళ్ళిపోయాను. ఆ పండితుడి కూతురికి పొగరు అని ఊరంతా చెప్పుకున్నారు.

నాకు పెళ్ళయింది యాభైల మొదట్లో, ఒక వైశాఖంలో. మా వారు రామచంద్రపురంలో హైస్కూలు మాస్టారు, చరిత్ర చెప్పేవారు. వాళ్ళ సొంతూరు కొత్తపేటకి పైన. వేసవి కదా, కాలవలు కట్టేశారు. పడవలు లేవు. మగపెళ్ళివారు కాలవగట్టు వెంట బళ్ళ మీద వచ్చారు. రావలసిన వేళ దాటిపోయింది. ఎదురుసన్నాహానికి మేళగాళ్ళు వాయించి వాయించి అలిసిపోయి కూర్చున్నారు. ఎట్టకేలకి బళ్ళు వచ్చాయి. పెళ్ళికొడుకు దిగితే మోకాళ్ళ దాకా బురద. ఎండిపోయి బూడిదరంగుకి తిరిగిన కాలవ బురద. దారిలో ఒక ఊళ్ళో ఎడ్లకి నీళ్ళు పెట్టడానికి ఆగారట. పెళ్ళికొడుకు కనబడకుండా పోయాడట. వాళ్ళ బాబాయిగారు కంగారుపడి వెతికితే ఎండిన కాలవలో దిగి రేవు దగ్గర కూర్చుని ఉన్నాడట. ఎందుకు కూర్చున్నాడో ఎవరూ అడగలేదు, పెళ్ళి తొందరలో. మా నాన్నగారు స్వయంగా చెంబుతో నీళ్ళు పోస్తే ఆ బురద ఒక పట్టాన వదల్లేదు. మా పెద్దత్తయ్య నా చెవిలో, "ఓసి, మీ ఆయన పొలం దున్ని వచ్చినట్టున్నాడే" అంది.

ఆషాఢమాసం వచ్చేసరికి ఆనవాయితీ ప్రకారం నన్ను పుట్టింటికి పంపారు, దసరాదాకా అక్కడే ఉండమని. అత్తా అల్లుడూ ఆ నెల ఒకే గడప దాటకూడదు గనక ఆయన రాకూడదు. ఉత్తరాలు మాత్రం రాసుకోవచ్చు. నేను ఉద్యోగంలో మళ్ళీ చేరాను. చేరిన కొన్నాళ్ళకే పత్రిక పేర ఒక లావుపాటి కవరు వచ్చింది. విప్పాను. ఆ దస్తూరీ చూడగానే నా మొహం వేడెక్కింది. అదే దస్తూరీ అంతకు ముందు ఉత్తరంలో నన్ను ఏమని పిలిచిందో ఇక్కడ చెప్పను. లోపలి సంగతి మాత్రం సరసం కాదు. శాసనం.

ఆ శాసనం గురించి చెప్పాలి. నేను పరికిణీలు కట్టుకునే రోజుల్లో నాన్నగారు రాసిన వ్యాసాల్లో పేరొచ్చింది ఒకటుంది. కొత్తపేట దారిలో కాలవగట్టు మీద ఒక ఊరు. (ఊరి పేరు చెప్పను. వాళ్ళ మనవలు ఇది చదువుతారేమో.) ఆ ఊరి రేవులో ఒక రాతి స్తంభం మీద పాత అక్షరాలున్నాయి. దాన్ని చదివి, ఆ ఊరు వేదం చదువుకున్నవారికి రాజు ధారపోసిన అగ్రహారమని, ఇప్పటి పేరు ఆ మాట నుంచే అరిగి వచ్చిందని నాన్నగారు తేల్చారు. ఊరివాళ్ళు ఉప్పొంగిపోయారు. సభ చేసి శాలువా కప్పారు. ఆ ఊరి మునసబుగారైతే నాన్నగారి వాక్యాన్ని బల్ల మీద రంగుతో రాయించి వంతెన దగ్గర పాతించారు.

ఇప్పుడు మా వారు రాసిందేమంటే, పై పంక్తులన్నీ ఆ వ్యాసంలో ఉన్నట్టే ఉన్నాయి, అడుగు రెండు పంక్తులూ మాత్రం అలా లేవు అని. వాటిలో రాజూ లేడు, ధారపోయడమూ లేదు. రేవు నడిపే ఓడవారు తమ సంపాదనలోంచి దేవుడికి పెట్టిన అఖండదీపం సంగతి ఉంది. ఊరు పడవవాళ్ళది. కాలవ ఎండినప్పుడు తప్ప ఆ రెండు పంక్తులూ పైకి కనబడవు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత ఒక వాక్యం రాశారు: "పూర్వ వ్యాసకర్త ఈ రెండు పంక్తులను స్వయముగా చూచినట్లు తోచదు." పెళ్ళినాటి బురద ఎక్కడిదో అప్పుడు తెలిసింది నాకు. ఆ వాక్యాన్ని నా చేత్తో తిరగరాయాలి. నేను రాసిందే నాన్నగారు చదువుతారు. పెళ్ళయి మూడు నెలలు నిండని పిల్లని. మొగుడు తండ్రిని తప్పుపడుతూ రాసింది, కూతురి అక్షరాలతో తండ్రికి అందించాలి. వాక్యం కొంచెం మెత్తబరుద్దామా అనిపించింది. "చూచినట్లు తోచదు" అన్నచోట "చూచుటకు వీలుపడియుండదు" అంటే ఏం పోయింది? కలం ఎత్తి చాలాసేపు కూర్చున్నాను. కాని తిరగరాసేవాళ్ళు ఒక్క మాట మారిస్తే ఇక ఆ పత్రికలో ఏ మాటకీ విలువ ఉండదని నాకు చెప్పింది నాన్నగారే. ఉన్నది ఉన్నట్టు రాశాను. అక్షరాలు మాత్రం మామూలుకంటే చిన్నవిగా పడ్డాయి.

నాన్నగారు అరుగు మీద పడకకుర్చీలో కూర్చుని చదివారు. నేను తలుపు పక్కన బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతున్నాను, చాలా శ్రద్ధగా. చివరి కాగితం అయిపోయాక కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుని మళ్ళీ మొదటికొచ్చారు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "ఎవరో గాని, చూడ్డం తెలిసినవాడమ్మాయ్" అన్నారు. ఆ తరవాత ఆయనంతట ఆయనే చెప్పారు. ఆ రాయి చూడ్డానికి తాను కార్తీకంలో వెళ్ళారట. కాలవ నిండుగా ఉంది. అడుగు పంక్తులు కనపడలేదు. వేసవిలో వచ్చి చూద్దామనుకుంటే, అప్పటి కరణంగారు తాను ఎప్పుడో రాసిపెట్టుకున్నానని చెప్పి ఆ రెండు పంక్తులూ ఇచ్చారట. సంచిక తొందరలో అవే వేసేశారట. కరణంగారు పోయి చాలా ఏళ్ళయింది.

తన వ్యాసాన్ని తప్పుపట్టే వ్యాసానికి తాను న్యాయం చెప్పకూడదని నాన్నగారు దాన్ని రాజోలు మాస్టారికి పంపారు. ఆయన నాన్నగారికి చిన్ననాటి స్నేహితులు, లిపుల్లో దిట్ట. జవాబు కోసం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో ఇంట్లో నా అవస్థ చూడవలసింది. మా వారికి తన వ్యాసం ఏమైందో తెలుసుకోవాలని ఉంది. అడగకూడదని పత్రిక అట్ట మీద అచ్చేసి ఉంది. అందుకని ఉత్తరాల్లో మామిడికాయ, వాన, గోదావరి వరద, ఇవన్నీ రాసి చివర్న "అక్కడ విశేషం ఏమైనా ఉందా?" అని అడిగేవారు. నేను "విశేషం ఏమీ లేదండీ" అని రాసేదాన్ని. ఒకసారి ఆయన ఉత్తరం కిటికీలో మరిచిపోయాను. అమ్మకి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. ఆ ఒక్క వాక్యం కూడబలుక్కుంది. సాయంత్రానికల్లా నాకు పాలలో కుంకుమపువ్వు వచ్చింది, పొరుగింటి పిన్నిగారు చింతకాయ పచ్చడి పట్టుకొచ్చారు, మామ్మ నన్ను నూతిలో నీళ్ళు తోడొద్దంది. ఆ విశేషం కాదే అని చెబితే, మరి ఏ విశేషమే అంటారు. అది చెప్పకూడదు. ఆ పూటకి కుంకుమపువ్వు పాలు తాగి ఊరుకున్నాను.

రాజోలు నుంచి జవాబు కార్డు మీద వచ్చింది. వ్యాసంలో తర్కం బాగుందని, అయితే నీ పేరు చెడడం నాకిష్టం లేదు గనక నేను ఎటు చెప్పినా నా మాట నేనే నమ్మలేకుండా ఉన్నానని, ఇటువంటివి స్నేహితులకి పంపకూడదని, వెళ్ళి రాయినే అడగమని రాశారు. నాన్నగారు ఆ కార్డు రెండుసార్లు చదివి, "సరే, అడుగుదాం" అన్నారు.

కాలవలో అప్పటికే నిండా నీళ్ళు. వచ్చే వేసవిదాకా ఆగవచ్చు. అమ్మ కూడా అదే అంది. కాని తప్పని అనుమానం వచ్చాక ఏడాది ఊరుకుంటే, ఆ ఏడాదీ తెలిసి అబద్ధం చెప్పినట్టేనని ఆయన ఒప్పుకోలేదు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం పడవెక్కాం. నేను కాగితాలు, పెన్సిలు, పొడిపంచె, గొడుగు పట్టుకున్నాను. రేవులో దిగాక నాన్నగారు కండువా తీసి నాకిచ్చారు. కళ్ళజోడు కూడా తీసి నా చేతిలో పెట్టి, దీంతో ఇప్పుడు పని లేదన్నారు. పంచె ఎగ్గట్టి మెట్లు దిగారు. మోకాళ్ళలోతు, నడుంలోతు, చివరికి గుండెలదాకా నీళ్ళొచ్చాయి. స్తంభాన్ని కౌగిలించుకున్నట్టు పట్టుకుని, కుడిచెయ్యి నీళ్ళ అడుక్కి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో అక్షరాలు తడమడం మొదలుపెట్టారు. గట్టు మీద జనం చేరారు. పంతులుగారి ఉంగరం పడిపోయిందని ఒకరు, కాదు మొక్కు అని ఒకరు. పడవ నడిపే ఒక ముసలాయన మాత్రం ఏమీ అనకుండా దిగివచ్చి, ప్రవాహానికి నాన్నగారు తూలకుండా వెనకనుంచి నడుం పట్టుకుని నిలబడ్డాడు.

నాన్నగారు ఒక్కొక్క అక్షరం పైకి చెబుతున్నారు. నేను రాస్తున్నాను. నాకు ఆ పంక్తులు కంఠతా వచ్చు, నేనే తిరగరాశాను కదా. ఒక్కొక్క అక్షరం సరిపోతూంటే ఒళ్ళు ఝల్లుమంటోంది, మా వారు గెలుస్తున్నారని కొంచెం, నాన్నగారు ఓడిపోతున్నారని చాలా. రెండో పంక్తి మొదట్లో ఆయన వేలు ఆగిపోయింది. రాయి అక్కడ పెచ్చు లేచి ఉంది. "ఇది 'వా' అయినా కావచ్చు, 'ఓ' అయినా కావచ్చు" అన్నారు. 'వాడవారు' అయితే ఆ వాడలో ఉన్నవారు ఎవరైనా కావచ్చు. అగ్రహారంవారు కూడా. నాన్నగారి వ్యాసం సగమైనా బతుకుతుంది. 'ఓడవారు' అయితే ఏమీ మిగలదు. ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశారు. కళ్ళజోడు లేదు గనక నేను ఆయనకి మసగ్గా కనిపించి ఉంటాను. "నీకేమనిపిస్తోందమ్మాయ్?" అన్నారు.

అలవాటుకొద్దీ అడిగారు. ఏ లిపి చూసినా నన్ను అలాగే అడిగేవారు. నేను 'వా' అంటే రాజోలు మాస్టారి దగ్గర్నుంచి ఎవరూ కాదనలేరు. నా నోటిదాకా వచ్చింది. "నేను చూళ్ళేదు కదండీ" అన్నాను.

ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఆ అక్షరాన్ని కిందనుంచి పైకి, పైనుంచి కిందకి తడిమారు. ఊపిరి బిగబట్టి తలకూడా ముంచి, రెండో చేత్తో కూడా చూశారు. లేచి మొహం తుడుచుకుని, పక్కవాళ్ళకి కూడా వినపడేలా, "ఓ. ఓడవారు. రాసుకో" అన్నారు. వెనక పట్టుకున్న ముసలాయన, "మా వోళ్ళాండీ?" అని అడిగాడు. "ఆయ్, మీవాళ్ళే" అన్నారు నాన్నగారు. తిరుగు పడవలో ఆయన పొడిపంచె కట్టుకోనే లేదు. చలికి వణుకుతూ, నేను రాసిన కాగితం వంకే చూస్తూ కూర్చున్నారు. ఇల్లు చేరాక అమ్మ శొంఠికషాయం ఇచ్చి, రాళ్ళు చదవడానికి కాలవలో మునగాలని ఏ శాస్త్రంలో ఉందని అడిగింది.

మర్నాడే మునసబుగారు వచ్చారు. మంచి మనిషి. గొంతు పెంచలేదు. ఊరి పరువు, పిల్లల పెళ్ళి సంబంధాలు, సభలో కప్పిన శాలువా, అన్నీ నెమ్మదిగా గుర్తుచేసి, రేవులో తేలిన సంగతి అచ్చెయ్యకపోతే ఎవరికీ నష్టం లేదు కదా అన్నారు. నాన్నగారు లోపలికి వెళ్ళి ఆ శాలువా తెచ్చి, మడత విప్పకుండా ఆయన పక్కన పెట్టారు. "మీరు నమ్మింది నన్నండీ. నేను నమ్మింది ఇంకోళ్ళని. ఆ రాయి మనందరికంటే ముందునుంచీ అక్కడే ఉందండీ" అన్నారు. మునసబుగారు శాలువా తీసుకోలేదు. కాఫీ కూడా తాగలేదు. మా ఊళ్ళో కాఫీ తాగకుండా లేవడమంటే చిన్న సంగతి కాదు. అమ్మ ఆ రోజంతా ఆ గ్లాసు కడగలేదు.

ఆ సాయంత్రం నాన్నగారు వ్యాసం వెయ్యాలని తేల్చుకుని, అడిగారు, ఇది ఎవరిదమ్మాయ్ అని. నేను ట్రంకుపెట్టెలోంచి అసలు ప్రతి తెచ్చి ఆయన చేతిలో పెట్టి వెనక్కి జరిగి నిలబడ్డాను. పేరు చూశారు. నన్ను చూశారు. మళ్ళీ పేరు చూశారు.

"కాలవలో నేను అడిగినప్పుడు నీకు తెలుసా?"

"ఆయ్."

"నీ మొగుడిదని తెలుసు, అక్షరం తెలుసు. ఏదీ చెప్పలేదు."

"మీరే కదండీ వద్దన్నారు."

ఆయన కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నారు. తరవాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు. "ఆ బురద ఎంతకీ వదల్లేదే, నేనే కడిగేనే" అంటూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అమ్మ పరిగెత్తుకొచ్చింది. సంగతి విని ఆమె మాత్రం నవ్వలేదు. అల్లుడన్నవాడు మొదటి ఆషాఢంలోనే మావగారి పరువు తియ్యాలా, దసరాదాకా ఆగలేకపోయేడా అని నన్ను నిలదీసింది, ఏదో ఆ శాసనం నేను చెక్కినట్టు.

అక్కడితో అయిపోలేదు. అల్లుడి వ్యాసం మావగారి పత్రికలో వస్తే జనం ఏమనుకుంటారని నాన్నగారికి కొత్త బెంగ పట్టుకుంది. అందుకని వ్యాసం అడుగున, దీని కర్త సంపాదకుని అల్లుడని, ఆ సంగతి నిర్ణయమయ్యేదాకా సంపాదకునికి తెలియదని ఒక గమనిక వేశారు. (రామచంద్రపురం స్టాఫు రూములో మా వారిని ఏడాదిపాటు 'సంపాదకుని అల్లుడుగారూ' అనే పిలిచారు.) ఇక తన తప్పు గురించి నాన్నగారు నాలుగు వాక్యాలు రాశారు. తాను చూడని పంక్తులను చూసినట్టు ప్రకటించానని, ఇచ్చినవారి తప్పు కాదు, సరిచూడని తనదే తప్పని. ప్రెస్సాయన వాడుక ప్రకారం దాన్ని చివరి పేజీలో తప్పొప్పుల పట్టిక పక్కన సన్నక్షరాల్లో పెట్టి ప్రూఫు పంపాడు. నాన్నగారు తిప్పి పంపారు. ఆ తప్పు మొదటి పేజీలో పెద్దక్షరాల్లో చెప్పాను, దిద్దుబాటు కూడా అక్కడే అవే అక్షరాల్లో ఉండాలన్నారు. ఆ ప్రూఫు దిద్దింది నేనే. దిద్దడానికి అందులో ఏమీ లేదు.

సంచిక వచ్చాక కొన్ని ఊళ్ళ నుంచి ఎత్తిపొడుపు కార్డులొచ్చాయి. ఆ మునసబుగారి ఊళ్ళో చందాలు ఆగిపోయాయి. నాన్నగారిని మళ్ళీ సభలకి పిలవడానికి చాలాకాలం పట్టింది. ఆయన ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు గాని, కొన్నాళ్ళు సాయంత్రాలు వీధిలోకి వెళ్ళడం మానేశారు. అరుగు మీదే కూర్చునేవారు. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని.

దసరాకి మా వారు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. గుమ్మంలో నిలబడి లోపలికి రావడానికి జంకుతూంటే నాన్నగారే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఏమీ తోచక కొంతసేపు వాన గురించి మాట్లాడుకున్నారు. తరవాత మా వారు, ఒక ఊళ్ళో గట్టు కింద ఇంకో రాయి ఉందని ఎవరో చెప్పారన్నారు. నాన్నగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. అంతే. పండగ మూడు రోజులూ వాళ్ళిద్దరూ ఆ అరుగు దిగలేదు. నేను కొత్త చీర కట్టుకుని కాఫీ పట్టుకెళితే గ్లాసులు అందుకున్నారు గాని ఇద్దరిలో ఒక్కరూ తలెత్తలేదు. తలుపు వెనక నిలబడి చిన్నపిల్లలా ఉక్రోషపడ్డాను. అన్నాళ్ళూ వాళ్ళిద్దరి మధ్యా ఉన్న దారల్లా నేనే. ఇద్దరి మాటా నా దగ్గరే ఉండేది. ఇప్పుడు వాళ్ళకి నేను అక్కర్లేకుండా పోయాను.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. నాకూ వయసు మీద పడింది. ఎవరైనా తమ రాతలు తెచ్చి ఎలా ఉందో చెప్పండి అంటే, మొహం చూడకుండా చదవడం నాకిప్పటికీ చేతకాదు. మనవరాలు రాసిందైతే చదవకుండానే బాగుందంటాను. అది నా వంక అనుమానంగా చూసి, అమ్మమ్మా నిజం చెప్పు, అంటుంది. నిజం చెప్పడానికి కళ్ళజోడు కోసం వెతుక్కుంటూ నాలో నేనే నవ్వుకుంటాను.